పెద్దింట్లమ్మ కాదన్న బోణీ

తెల్లవారుజామున తలుపు గడియ తీసే ముందు పెద్దింట్లమ్మ కిటికీ రెక్క జానెడు తెరిచి వీధి చూసేది. ముందు ఎడమవైపు, చిట్టెమ్మ ఇంటి దడిదాకా. తరవాత కుడివైపు, వలలు ఆరేసే ఇసకదిబ్బదాకా. మనిషి జాడ లేదని రూఢి చేసుకున్నాకే గడియ తీసి, గుమ్మానికి పసుపు రాసి, "అమ్మా, నీ పేరు పెట్టుకున్నదాన్ని, నన్ను చూసుకో" అని కొల్లేటికోట తల్లికి ఉన్నచోటి నుంచే దణ్ణం పెట్టుకునేది. చూడ్డం ముందేంటి, దణ్ణం తరవాతేంటి అని కూతురు దేవిశ్రీ ఒకసారి నవ్వుతూ అడిగిందట. చూసుకోమని కళ్ళిచ్చింది కూడా ఆ తల్లే కదే అందట పెద్దింట్లమ్మ.

ఆమె చూసేది దొంగల కోసం కాదు. మొగుడి కోసం.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లెపాలాల్లో ఒకటి ఆమెది. పుట్టిందీ మెట్టిందీ వేట మీద బతికే ఇళ్ళలోనే. బళ్ళో ఐదో క్లాసుదాకా చదివింది. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండకుండా భీమరాజుకిచ్చి చేశారు. భీమరాజు మంచి వేటగాడు. నీటి రంగు చూసి చేప ఎటు మళ్ళిందో చెప్పగలడు. పడవలో ఉన్నంతసేపూ అంత నెమ్మదైన మనిషి ఇంకొకడు లేడని అతనితో వేటకెళ్ళినవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఒడ్డెక్కాక మందు పడితే మాత్రం మనిషి వేరు. పెళ్ళయిన కొత్తలో ఏడాదికోసారి లేచిన చెయ్యి, పోనుపోను వారానికోసారి లేవడం మొదలుపెట్టింది. పాలెంలో అది ఎవరికీ వింత కాదు. ఏ ఇంట్లో లేదు, సర్దుకుపోవాలి అనేవారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

సర్దుకోలేనిది పిల్ల విషయంలో వచ్చింది. దేవిశ్రీ తొమ్మిదో క్లాసులో ఉండగా భీమరాజు తన అక్క కొడుక్కి పిల్లనిచ్చేస్తానని మాటిచ్చి వచ్చాడు. మేనరికం, తెలిసినవాళ్ళు, చదువెందుకు అన్నాడు. పిల్ల పది పాసయ్యేదాకా ఆ మాట ఎత్తొద్దంది పెద్దింట్లమ్మ. మూల నిలబెట్టి ఉన్న తెడ్డు తీశాడు. అడ్డం పెట్టిన చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

జారిపడ్డానని ఆసుపత్రిలో చెప్పింది. కట్టు కడుతున్న నర్సమ్మ ఏమీ అడగలేదు. ఎక్కడి నుంచో గ్లాసుడు టీ తెచ్చి, ఎడమ చేత్తో తాగడం చాతకాక ఒలకబోసుకుంటుంటే తనే పట్టుకుని తాగించింది. తాగించాక మెల్లిగా, "జారిపడితే చెయ్యి విరుగుద్ది గానీ, వీపు మీద తెడ్డు అచ్చు పడదమ్మా" అంది. ఆ ఒక్క మాటకి పెద్దింట్లమ్మ అన్నీ చెప్పేసింది.

అలా కబురు సచివాలయంలో మహిళా పోలీసుగా పనిచేసే నాగదుర్గకి చేరింది. నాగదుర్గ ముప్పై లోపు పిల్ల, ఆ చుట్టుపక్కల ఊరిదే. పెద్దింట్లమ్మని పిన్నీ అని పిలిచేది. ఆఫీసర్లకి రాయాల్సింది రాయించి, ఫీజు లేకుండా వాదించే లాయరుగారిని మాట్లాడిపెట్టి, వాయిదాలకి తనే పక్కన కూర్చుని, చివరికి కోర్టు చేత రక్షణ ఉత్తర్వు ఇప్పించింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాయితాన్ని అరుగు మీద కూర్చుని తెలుగులో విడమరిచి చెప్పింది కూడా ఆ పిల్లే. భీమరాజు ఆమె ఇంటి గుమ్మం ఎక్కకూడదు. ఆ ఇల్లు ఎలాగూ ఆమె పేరున పట్టా ఉన్నదే. ఆమె చేపలమ్ముకునే చోటికి రాకూడదు. పిల్ల బడి దగ్గరికి వెళ్ళకూడదు. ఫోను చెయ్యకూడదు, ఇంకొకరి చేత కబురు పెట్టకూడదు. చెయ్యి చేసుకోకూడదన్నది సరే సరి.

అంతా విని పెద్దింట్లమ్మ, గోడలూ తలుపులూ ఆపలేని మనిషిని ఈ కాయితం ఎలా ఆపుతుంది మేడంగారూ అంది.

"కాయితం ఆపదు పిన్నీ. కాయితం చూసి పోలీసులు కదలాలి. పోలీసుల్ని తలుచుకుని ఆయన ఆగాలి. ఇన్నాళ్ళూ ఆయన నిన్ను కొడితేనే తప్పు. ఇకమీదట నీ గుమ్మం తొక్కినా తప్పే. దెబ్బ పడేదాకా నువ్వు ఆగక్కర్లేదు, అదీ దీని ఉపయోగం" అంది నాగదుర్గ.

నిజంగానే ఆగాడు. ఇంకో పాలెంలో ఉన్న అక్క ఇంటికి మకాం మార్చాడు. కులపెద్దలం మేం ఉండగా కోర్టు మెట్లెక్కడమేంటని పెద్దలు కొన్నాళ్ళు మొహం ముడుచుకున్నారు. ఎవరింట్లోనైనా శుభకార్యమైతే ఆమెకి పిలుపు ఆలస్యంగా వచ్చేది. అయినా ఆమె ఇంట్లో రాత్రిళ్ళు దీపం ఆర్పి నిద్రపోవడం మొదలైంది. దేవిశ్రీ పదో క్లాసుకి వచ్చింది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతూ పాఠాలు పైకి చదువుకునేది.

పెద్దింట్లమ్మ చేపలమ్మేది నరసాపురం రేవులో. పాలెంలో పడవల దగ్గర సరుకు కొనుక్కుని, తనూ చిట్టెమ్మా ఒకే ఆటోలో తట్టలు పెట్టుకుని తెల్లారేసరికి రేవుకి చేరేవారు. పంటు మీద గోదావరి దాటి కోనసీమ వైపు వెళ్ళేవాళ్ళూ, అటునుంచి వచ్చేవాళ్ళూ కొనేవారు. చిట్టెమ్మ ఆమెకి వరసకి వదిన. రెండు తట్టలూ పక్కపక్కనే. ఒకరి ఐసు అయిపోతే ఇంకొకరు పంచుకునేవారు. పంటు టిక్కెట్లిచ్చే ఫిన్నీ అనే కుర్రాడు ఎండెక్కుతుంటే తన గొడుగు తెచ్చి ఎవరూ అడక్కుండానే వాళ్ళ మీద పాతిపెట్టి పోయేవాడు.

ఇక్కడ బోణీ సంగతి కొంచెం చెప్పాలి. ఏ వ్యాపారానికైనా బోణీ ఉంటుంది గానీ, చేపల తట్ట దగ్గర దాని పట్టింపు ఎక్కువ. చేప సాయంత్రానికి నిలవదు కదా. మొదట వచ్చి అడిగినవాణ్ణి కాదనకూడదు. గీచి గీచి బేరమాడకూడదు. బోణీ డబ్బు కళ్ళకద్దుకుని, కత్తిపీటకి తాకించి, అప్పుడు నడుముకి దోపుకోవాలి. బోణీ చేసినవాడితో ఆ పూట మాట తూలకూడదు. కాదంటే లక్ష్మిని గుమ్మంలోంచి వెళ్ళగొట్టినట్టేనని, ఆ రోజు తట్టలో సరుకు తట్టలోనే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం. బోణీ అయ్యాక మటుకు ఎవరినైనా నిర్మొహమాటంగా పొమ్మనొచ్చు.

కార్తీకమాసం వచ్చింది. ఆ నెల మా వైపు సగం ఇళ్ళలో నీచు ముట్టరు. రేవుకి వచ్చేవాళ్ళు స్నానాలకీ దీపాలు వదలడానికీ వస్తారు, చేపల వాసనకి పక్కకి తప్పుకుని నడుస్తారు. ఆ రోజుల్లో బోణీ ఎప్పుడవుతుందా అని చేపలమ్మేవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూస్తారు. అలాంటి ఒక ఉదయం, ఇంకా మంచు విడవకముందు, ఆమె తట్ట ముందు ఒక మనిషి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. తల నున్నగా దువ్వి, ఉతికిన చొక్కా వేసుకుని, భీమరాజు.

"బోణీ అయిందా?" అన్నాడు.

పక్కన చిట్టెమ్మ తలొంచుకుని తన తట్టలో ఐసు సర్దుకోవడంలో పడింది. భీమరాజు నోటు తీసి చాచాడు. పండుగప్ప ఒకటి ముక్కలు కొట్టి ఇమ్మన్నాడు. ఎంత అని కూడా అడగలేదు. గొంతు నెమ్మదిగా ఉంది, మందు వాసన లేదు. కాదనాలి అని ఆమె తలలో ఒక మాట అంటుంటే, బోణీ కాదనకూడదు అని పుట్టినప్పటి నుంచీ విన్న మాట ఇంకొకటి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చేప తూచాయి, ముక్కలు కొట్టాయి, నోటు అందుకున్నాయి. అలవాటు చొప్పున కళ్ళకద్దుకుంది కూడా. అది చూసి భీమరాజు నవ్వాడు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ప్రతిసారీ అందరికంటే ముందే. రోజుకో మాట ఎక్కువ మాట్లాడేవాడు. పిల్ల ఎలా చదువుతోంది అన్నాడొక రోజు. చిక్కిపోయావేంటి అన్నాడు ఇంకో రోజు. తరవాత రోజు ముక్కల సంచీ అందుకుంటూ, వచ్చే ఆదివారం మంచి ముహూర్తం ఉంది, మా అక్కా బావా తాంబూలాలు పుచ్చుకోడానికి వస్తారు, పిల్లని ముస్తాబు చేసి ఉంచు, ఆటో తెస్తాను అన్నాడు. ఆమె చెయ్యి కత్తిపీట మీదే ఆగిపోయింది.

పాలెంలో ఈ కబురు అప్పటికే తిరుగుతోంది. నా బోణీ పుచ్చుకుంటోంది, ఇంకా కోర్టేంటి కాయితమేంటి అని భీమరాజు పెద్దల దగ్గర చెప్పుకున్నాడు. పెద్దలు తలూపారు. మనిషి చేతి బోణీ పుచ్చుకుంటే పగ లేనట్టే, ఆర్డరు దానంతటదే పోయినట్టే అని తీర్పు కూడా చెప్పేశారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి తెలిసిన ధర్మం అదే. అందుకే పెద్దింట్లమ్మ కూడా నమ్మింది. ఇంకా ముందుకెళ్ళి ఆలోచించింది. తామిద్దరూ ఎదురుపడకూడదని కోర్టు చెబితే, తను ఎదురుపడింది, చేపలమ్మింది, డబ్బు తీసుకుంది. అంటే కోర్టు మాట తప్పింది తనే. తెలిస్తే పోలీసులు తననే తీసుకెళ్తారేమో. తను లోపలికెళ్తే పిల్ల గతేంటి?

ఆ భయంతో నాగదుర్గకి ఒక్క ముక్క చెప్పలేదు. దారిలో ఎదురైతే తల తిప్పుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం తట్ట ఖాళీ చేసుకుని ఇంటికొచ్చేసరికి భీమరాజు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. లోపల తలుపు వేసి ఉంది. బడి నుంచి తొందరగా వచ్చిన దేవిశ్రీ లోపల గడియ పెట్టుకుని, గడియకి అడ్డంగా రోకలి ఆనించి, దాని మీద చేతులేసి నిలబడిందని తరవాత తెలిసింది. అతను తలుపు కొట్టలేదు, అరవలేదు. కూర్చున్నాడంతే. ఆమెని చూసి లేచి, "ఎల్లుండి ఇలాగే తలుపేస్తే బాగోదు. నీ కూతురికి చెప్పు" అని, వీధిలో అందరికీ కనబడేలా మెల్లిగా నడుచుకుంటూ పోయాడు. దడి అవతల చిట్టెమ్మ చూసింది. ఇంకో ఇద్దరు కూడా చూశారు.

ఆ సాయంత్రమే పెద్దింట్లమ్మ ట్రంకుపెట్టెలోంచి కోర్టు కాయితం తీసి, కొంగులో చుట్టుకుని, సచివాలయానికి వెళ్ళింది. వెళ్ళింది ఫిర్యాదు చెయ్యడానికి కాదు. నాగదుర్గ టేబుల్ మీద కాయితం పెట్టి, ఇది మీకిచ్చేద్దామని వచ్చానమ్మా, నేనే పాడుచేసుకున్నాను, నన్నేం చేసినా సరే పిల్లని ఏదైనా హాస్టల్లో పెట్టించండి అంది.

నాగదుర్గ ముందు కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. బోణీ దగ్గర నుంచీ అరుగుదాకా అంతా చెప్పించుకుంది. మధ్యలో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదని కోప్పడలేదు. చివరికి కాయితం విప్పి, ఇందులో ఫలానా పని చెయ్యరాదు అని ఎవరిని అన్నారో తెలుసా పిన్నీ అని అడిగింది. మా ఇద్దర్నీ కదా అంది పెద్దింట్లమ్మ.

"కాదు. మొదటి నుంచి చివరిదాకా ఆయన్నే. నువ్వు ఫలానాది చెయ్యకూడదని ఒక్క ముక్క లేదు. మనకి చిన్నప్పటి నుంచీ గీత అంటే ఆడదాని గుమ్మం ముందు గీసేదే తెలుసు, దాటితే ఆడదాని తప్పు. కోర్టువాళ్ళు ఈ గీత ఆయన కాళ్ళ ముందు గీశారు. నువ్వు చేపలమ్మినా, డబ్బు తీసుకున్నా, భయపడి మంచినీళ్ళిచ్చినా, దాటినవాడు ఆయనే."

మరి పెద్దలు ఆర్డరు పోయిందన్నారు కదా అంది పెద్దింట్లమ్మ. పెద్దలు ఇచ్చింది కాదు కదా వాళ్ళు తియ్యడానికి అంది నాగదుర్గ. దీన్ని తీసెయ్యాలంటే నాకిక అక్కర్లేదని నువ్వే కోర్టుకి అర్జీ పెట్టుకోవాలి, లేదా పరిస్థితి మారిందని ఆయన కోర్టులోనే రుజువు చేసుకోవాలి, జడ్జిగారు ఒప్పుకుంటేనే పోతుంది, అప్పటిదాకా ఇది బతికున్న కాయితమే అని చెప్పింది. పదో క్లాసు పిల్లకి పెళ్ళి మాటలు ఇంకో నేరమని, ఆ సంగతి తను చూసుకుంటానని కూడా చెప్పింది. చెప్పి, కాయితాన్ని మళ్ళీ మడతల ప్రకారం మడిచి ఆమె చేతిలోనే పెట్టింది.

అక్కణ్ణుంచి ఇద్దరూ స్కూటీ మీద స్టేషన్‌కి వెళ్ళారు. ఎస్సైగారు ఆర్డరు కాపీ తీయించి చూశారు. గుమ్మం ఎక్కడం, తట్ట దగ్గరికి రావడం, రెండూ తప్పే, ఏడాదిదాకా జైలు పడొచ్చు అన్నారు. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. చిట్టెమ్మ మొగుడు వేటకెళ్ళేది భీమరాజు అన్నగారి పడవలో. ఆ పేరు చెబితే మర్నాటి నుంచి వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. నేనొక్కదాన్నే ఉన్నానండి అంది. ఆమె అబద్ధం ఆయనకి తెలిసిపోయినట్టుంది గానీ గుచ్చి అడగలేదు. ఒక్కదాని మాటైనా కోర్టు నమ్మితే చాలమ్మా, ఈ చట్టంలో అలా ఉంది అన్నారు. భీమరాజు అక్క ఇంట్లో ఆ పూట దొరకలేదు. రేపు రేవుకి వస్తే మా కానిస్టేబుల్ అక్కడే ఉంటాడు, నువ్వు రోజూలాగే కూర్చో అని చెప్పి పంపారు.

మర్నాడు కార్తీక పౌర్ణమి. చీకటి ఉండగానే రేవంతా జనం. అరటిదొప్పల్లో దీపాలు, ఆడవాళ్ళ తడి చీరలు, పిల్లల ఏడుపులు. పెద్దింట్లమ్మ తట్ట దించి కూర్చుని కానిస్టేబుల్ కోసం చూసింది. కనబడలేదు. స్నానాల మెట్ల దగ్గర ఎవరో ముసలావిడ జారిందని ఆయన్ని అటు పిలిచారు. ఎగువన మెట్ల మీద ఖాకీ చొక్కా ఒక్క క్షణం కనబడి మళ్ళీ జనంలో కలిసిపోయింది.

అప్పుడు భీమరాజు వచ్చాడు. ఈసారి గొంతుక్కూర్చోలేదు. నిలబడే నోటు చాచాడు.

"బోణీ."

పెద్దింట్లమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అవి వాటంతటవి లేవకుండా ఒకదాని వేళ్ళలో ఒకటి బిగించింది. నోటు వైపు చూడకుండా అంది.

"నీ బోణీ నాకొద్దు."

"ఒసే, ఆ మాటనకే" అంది చిట్టెమ్మ నోట్లోనే. రేవులో ఆ మాట అన్నవాళ్ళని తను ఎన్నడూ చూడలేదు. దొప్పల్లో దీపాలు పట్టుకుని వెళ్తున్న ఆడవాళ్ళిద్దరు ఆగి చూశారు.

భీమరాజు నవ్వాడు. "పౌర్ణమి నాడు నీ చేప ఎవడు కొంటాడే? కుళ్ళబెట్టుకుంటావా?"

"కుళ్ళితే గోదాట్లో పోస్తాను. నువ్వు ఇక్కడికి రాకూడదని రాసుంది. వెళ్ళిపో."

నవ్వు ఆగిపోయింది. తట్టని కాలితో తన్నాడు. ఐసూ చేపలూ బురదలోకి జారాయి. తరవాత ఆమె ముందున్న కత్తిపీట చెక్క మీద కాలు వేసి, మెల్లిగా, చాలా మెల్లిగా తన వైపు లాక్కున్నాడు. పాలెంలో పిల్లని అడుగుతాను, నిన్నడగను అన్నాడు. ఆమె లేవలేదు. లేస్తే పరిగెత్తాలి, పరిగెత్తితే అతను ఇంటికెళ్తాడు, ఇంట్లో పిల్ల ఒక్కతే. కాబట్టి అక్కడే, అతని కాళ్ళ ముందు, అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది.

ఎక్కువసేపు కాలేదు. టిక్కెట్ల గదిలోంచి చూసిన ఫిన్నీ టిక్కెట్ల కట్ట అక్కడే పడేసి మెట్ల వైపు పరిగెత్తాడు. పంటు కదలాల్సిన వేళ. ఎందుకాగిందో తెలియక మోటారు సైకిళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కానిస్టేబుల్ జనాన్ని తోసుకుంటూ, మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో వచ్చాడు.

భీమరాజు కత్తిపీట మీంచి కాలు తీసేసి, చేపలు కొనుక్కోడానికి వచ్చానండి, రేవు ఎవడబ్బ సొమ్ము, చేపలు కొనకూడదని ఏ చట్టంలో ఉంది అన్నాడు.

"కొనుక్కో. గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా కొనుక్కో. ఈవిడ దగ్గర కొనకూడదని జడ్జిగారు నీ పేరు పెట్టి మరీ రాశారు. పద" అన్నాడు కానిస్టేబుల్.

అతన్ని తీసుకెళ్ళాక చాలాసేపు పెద్దింట్లమ్మ వేళ్ళు విడదీసుకోలేకపోయింది. చిట్టెమ్మ బురదలోంచి చేపలు ఒక్కొక్కటే ఏరి, రేవు నీళ్ళలో కడిగి, తట్టలో పేర్చింది. తన ఐసు మొత్తం ఆమె తట్టలో పోసింది. ఆ రోజు ఇద్దరి తట్టల్లోనూ ఏమంత అమ్ముడుపోలేదు.

ఆదివారం గడిచింది. నాగదుర్గ భీమరాజు అక్క ఇంటికి వెళ్ళి చెప్పాల్సింది చెప్పి వచ్చింది. తాంబూలాల మాట వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు. పెద్దలు మాత్రం పెద్దింట్లమ్మ ఇంటికొచ్చారు. మొగుణ్ణి జైల్లో పెట్టించావు, కేసు వెనక్కి తీసుకో, మేం మందలిస్తాం అన్నారు. ఆమె చాప వేసి, మజ్జిగిచ్చి, వాళ్ళు చెప్పింది ఆఖరిదాకా విని, నేను పెట్టించిన జైలు కాదండి, ఆయన కోర్టు మాట దాటాడు, కోర్టుకీ ఆయనకీ మధ్య సంగతి అది అంది. పెద్దల్లో ఒకాయన వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, పిల్లని బాగా చదివించమ్మా అన్నాడు. అది ఎగతాళో ఆశీర్వాదమో ఆమెకి తెలియలేదు. ఆశీర్వాదమే అనుకుంది.

మార్గశిరం వచ్చాక ఒక సాయంత్రం, భీమరాజుకి బెయిలు వచ్చిందని నాగదుర్గ ఫోను చేసింది. ఆర్డరు అలాగే ఉంది, ఏ క్షణంలో కనబడినా నాకు ఫోను చెయ్యి అంది. ఫోను పెట్టేసి పెద్దింట్లమ్మ దీపం వెలిగిస్తుంటే గుమ్మంలో చిట్టెమ్మ నిలబడి ఉంది. ఆ కబురు తనకీ తెలిసింది.

చిట్టెమ్మ లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకునే మాట్లాడింది. నన్ను సాక్ష్యానికి పిలుస్తారేమోనని రోజూ చస్తున్నానే, పిలిస్తే చెప్పకుండా ఉండలేను, చెబితే మా ఆయనకి పడవ ఉండదు అంది. ఆ రోజు అతను అరుగు మీద కూర్చున్నప్పుడు కూడా చూశాను, చూసి ఊరుకున్నాను అని కళ్ళొత్తుకుంది.

పెద్దింట్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. సాక్ష్యం అడగనని చెప్పింది. నీ పేరు నేనెక్కడా చెప్పలేదు, నా మాట ఒక్కటి చాలని ఎస్సైగారన్నారు, నీ కూడు పోగొట్టి నేను బతకక్కర్లేదు అంది. చిట్టెమ్మ ఏడుపు కాస్త తగ్గాక, మెల్లిగా, వేరే సాయం ఒకటి కావాలి అని మొదలుపెట్టింది.

"రేపట్నుంచి రోజూ నా బోణీ నువ్వు చెయ్యి."

చిట్టెమ్మ తెల్లబోయి చూసింది. చేపలమ్ముకునేదాన్ని పట్టుకుని చేపలు కొనమంటావేంటే, రేవులో నవ్విపోతారు అంది.

"నవ్వనీ. గుప్పెడు రొయ్యలు చాలు, పావుకిలో సావిడాయి చేపలు చాలు. మళ్ళీ నీ తట్టలోనే వేసుకుని అమ్ముకో. ఆ రోజు బోణీ కాదన్నాను, తప్పలేదు. కానీ ఆ మాట అన్నప్పటి నుంచీ దీపం దగ్గర కూర్చుంటే మనసు నిలవట్లేదు వదినా. ఇంకోసారి ఆ మాట నా నోట రాకూడదు. నేను తట్ట దించగానే, ఇంకెవరూ రాకముందే, నీ చేత్తో రూపాయి పెట్టు, బోణీ అయిపోతే తరవాత ఎవడొచ్చినా పొమ్మనొచ్చు. అంతే నేనడిగేది."